ఆరు వందల బేరింగుకు ఏడు వేల బిల్లు: నాలుగున్నరేండ్లు తొక్కినంక నా సైకిల్ ముచ్చట

కొన్న వారానికే రివ్యూ రాసేటోళ్ళు మస్తుమంది ఉంటరు, చైన్లు అరిగి బేరింగులు తుప్పు పట్టినంక రాసేటోళ్ళే తక్కువ, అందుకే రాస్తున్న. బండి తీస్కున్నది 2021 మార్చిల, ఇయ్యాల్టికి మీటర్ల 19,400 కిలోమీటర్లు చూపిస్తుంది. నాది నల్లగొండల మెడికల్ షాపు, పొద్దున తొమ్మిదింటి నుంచి రాత్రి పది దాంక కుర్చీలనే, షుగర్ బార్డర్ల ఉందని డాక్టర్ అన్నంక సైకిల్ పట్టిన.

కంపెనీ పేరు చెప్ప. ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ ముచ్చట కాదు, ఇప్పుడొచ్చే రోడ్ బైకులు చానా వరకు గిట్లనే ఉంటున్నయి. అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు (ముందు చక్రం పట్టే కొమ్ము), 11 స్పీడ్ గేర్లు, హైడ్రాలిక్ అంటే పైపుల ఆయిల్ తోటి పట్టే డిస్క్ బ్రేకులు, ఇగ అసలు సంగతి ఏందంటే ఒక్క వైరు బయటికి కనవడది, అన్ని హాండిల్ కిందికెళ్ళి పోయి హెడ్‌సెట్ల, అంటే హాండిల్ తిరిగెతందుకు ఫ్రేము ముందు పైపుల ఉండే బేరింగుల సెట్టుల దూరి ఫ్రేము లోపల్నించి ఎనక చక్రం దాంక పోతయి. షోరూంల చూసినప్పుడు ఆ నున్నటి హాండిల్ చూసే పడిపోయిన, అబద్ధం ఎందుకు. లక్షా అరవై వేలు అయింది. ఇంట్ల ఎనభై వేలని చెప్పిన, మా ఆమె గిసొంటి రివ్యూలు చదవదనే ధైర్యం.

దీన్ని దేంతోటి పోలుస్తున్ననంటే మా నాయిన అట్లాస్ తోటి. 1987ల కొన్నది, 28 ఇంచులది, నల్లది, రాడ్ బ్రేకులది. నాయిన కనగల్ దిక్కు ఊర్లనే ఉంటడు, నేను వారానికోసారి పోయినప్పుడల్లా పొలం కాడికి దాని మీదనే పోత, కాబట్టి రెండింటి సంగతి నా మోకాళ్ళకు మంచిగనే తెలుసు.

ముందుగాల కొత్తదాని మంచి చెప్పాలె. నల్లగొండ నుంచి నాగార్జునసాగర్ దాంక పోయొస్తే నూట ఇరవై చిల్లర కిలోమీటర్లు అయితది, హాలియా, పెద్దవూర మీదికెళ్ళి, ఎదురుగాలి ఉంటే పెద్దవూర దాటినంక ప్రాణం పోతది. ఆడ గేర్ల విలువ తెలుస్తది. బ్రేకు లివర్లనే గేరు మీట కలిపెయ్యడం గేర్లు చేసే షిమానో కంపెనీ 1990ల తెచ్చింది, అంతకుముందు గేరు మార్చాలంటే ఒక చెయ్యి ఇడిసి కింద ఫ్రేము పైపు మీదున్న మీట తిప్పాల్సి ఉండె. అద్దంకి రోడ్డు మీద పక్కనుంచి వడ్ల లారీ పోతుంటే ఒక చెయ్యి ఇడిసి వంగి మీట తిప్పుడు ఊహించుకోండ్రి. రెండు పనులు ఒక్క కాడ కలిపినందుకు నేనైతే దండం పెడత, ఎవ్వరన్న పాతదే బంగారం అంటే ఈ ఒక్కదాని కాడ ఒప్పుకోను.

బ్రేకులు కూడ అంతే. ఒకసారి సాగర్ల హిల్ కాలనీ నుంచి పైలాన్ కాలనీ దిక్కు దిగుతుంటే వాన దంచికొట్టింది, రెండు వేళ్ళతోటి లివర్ పట్టుకుంటే సక్కగ, మెల్లగ, ఎక్కడ కావాల్నంటే అక్కడ ఆగింది. అదే నాయిన సైకిల్ మీద వానల బ్రేకు కొట్టుడంటే దేవునికి అర్జీ పెట్టుకునుడే, స్టీలు రిమ్ము తడిస్తే రబ్బరు జారుడే గని పట్టుడు ఉండదు. పోయిన యాసంగిల అకాల వానల మా ఊరి దిగుడు కాడ రెండు కాళ్ళు కింద ఈడ్చుకుంట పోయి రోడ్డు మీద పట్టా కప్పిన వడ్ల కుప్పల దూరిన. ఆ వడ్లాయన తిట్టిన తిట్లు ఈడ రాయలేను.

ఇగ హెడ్‌సెట్ కథ.

2023 వానాకాలం పోయినంక హాండిల్ తిప్పుతుంటే నడుమ ఒక్కకాడ టక్కున పట్టుకునుడు షురూ అయింది. సీదా పోతుంటే బండి దానంతట అదే సీదా పట్టుకుంటది, చిన్న గుంత తప్పిద్దామంటే జర్రున తిరుగుతది, భయం అయితది. చూస్తే పై బేరింగు తుప్పు. వైర్లు దూరెతందుకు పై మూతకు సందులు ఉంటయి కద, మే నెల చెమట గదవ మీదికెళ్ళి కారితే సీదా ఆడికే పోతది, దాని మీద నేను వచ్చినంక బోరు నీళ్ళ పైపు పెట్టి కడుగుడు. నల్లగొండ బోరు నీళ్ళు ఎట్లుంటయో బాత్రూం నల్లాలు చూస్తే తెలుస్తది, తెల్లగ పెచ్చులు కడతయి. కాబట్టి తప్పు పురాగ బండిదే అనను, సగం నాది.

బేరింగు ధర ఆరు వందలు. కాని దాన్ని బయటికి తియ్యాలంటే రెండు బ్రేకు పైపులు దాని నడుమకెళ్ళే పోయినయి, సూది బెజ్జంల దారం ఎక్కినట్టు. పైపు ఊడదీస్తే ఆయిల్ కారుతది, ఊడదీసిన కొస కోసి కొత్త ఇత్తడి రింగు ఎయ్యాలె, మళ్ళ ఆయిల్ నింపి లోపల ఒక్క గాలి బుడగ లేకుండ తియ్యాలె, గేరు వైర్లు ఎట్లాగూ ఇప్పినం కాబట్టి కొత్తయి, హాండిల్ టేపు చింపుతరు కాబట్టి అదీ కొత్తది. ఇది చేసేటోళ్ళు నల్లగొండల నాకు దొరకలే. బస్సు డిక్కీల రెండు చక్రాలు ఇప్పి పెట్టి పట్నం తోల్కపోయిన, రెండు రోజులు, 6,900 బిల్లు. బేరింగు ఆరు వందలే సార్, మిగిలింది దాని కాడికి పోయే దారి ఖర్చు అన్నడు అక్కడి పిల్లగాడు, మంచిగనే చెప్పిండు పాపం.

అదే వారం నాయిన సైకిల్ హాండిల్ కూడ కరకర అంటుంది. కనగల్ దిక్కు రోడ్డు మీద చెట్టు కింద ఒక చాచా ఉంటడు, ముప్పై ఏండ్ల సంది అదే డబ్బా, అదే గాలి పంపు. పానాతోటి పై నట్టు ఇప్పిండు, బ్రేకు రాడ్ల బోల్టులు రెండు లూజు చేసి పక్కకు జరిపిండు, బాల్స్ అన్ని కిరోసిన్ల కడిగి అరిగినయి నాలుగు తీసి కొత్తయి ఏసి గ్రీజు పెట్టి బిగిచ్చిండు. నేను చాయ్ తాగి గ్లాసు ఇచ్చొచ్చేసరికి పని ఐపోయింది, వంద రూపాయలు. అంతకుముందు ఒకసారి నా కొత్తదాన్ని చూసి "వైర్లేవి సేటూ, మోటర్ల వైర్లు కోస్కపోయినట్టు ఎవడన్న కోస్కపోయిండా" అన్నడు. లోపల ఉన్నయి చాచా అంటే, "లోపల ఉంటే ఎట్ల చూస్తవ్" అన్నడు. గప్పుడు నవ్విన, 6,900 కట్టినంక నవ్వు రాలే.

నాకు అర్థమైంది ఏందంటే కలుపుడుల రెండు తీర్లు ఉన్నయి. బ్రేకు, గేరు ఒక్క లివర్ల కలిపింది తొక్కేటోని చెయ్యి కోసం. వైరును హెడ్‌సెట్ల కలిపింది ఫోటో కోసం, ఇంకా అంటే రేసు కోసం. గంటకు నలభై అయిదు కొట్టేటోళ్ళకు వైర్లు దాచిపెడితే గాలి కొంచెం తక్కువ తాకుతది, అది నిజమే, నేను కొట్టేది ఇరవై నాలుగు, గేదెలు అడ్డమొస్తే పదహారు. మొదటి తీరు కలుపుడుకు ఖర్చు అయినా బాధ లేదు, ఈ నాలుగేండ్లల లివర్ లోపల గేరు వైరు రెండుసార్లు పోగులు పోగులు అయి తెగింది, మార్చిన, ఏమన్లే. రెండో తీరు దానికే కడుపు మండుతది.

సీటు కింది రాడ్డు కూడ అట్లనే. గుండ్రటి పైపు కాదు, డీ అక్షరం లెక్క ఉంటది, బిగిచ్చేది ఫ్రేము లోపల దాచిన చిన్న చీల లాంటి క్లాంపు. అది పగిలింది ఒకసారి. అరచేతిల సగం కూడ లేని ముక్క, ఏడు వారాలు పట్టింది రానీకి, అప్పటిదాంక బండి గోడకు ఆనిచ్చి పెట్టిన. గుండ్రంగ 27.2 మిల్లీమీటర్ల రాడ్డు ఉండి ఉంటే యాడైనా దొరుకుతుండె.

ఇంకో దిక్కు అట్లాస్ సంగతి చూడుండ్రి. ఆ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది, ప్రపంచ సైకిల్ దినం నాడే, గది మరీ అన్యాయం. కాని నాయిన సైకిల్‌కు ఏమన్న అయిందా అంటే ఏం కాలే. ఎందుకంటే దాని కాటర్ పిన్ను (పెడల్ కాడను ఇరుసుకు పట్టిచ్చేది), ఫ్రీవీలు, చైను, 28 ఇంచుల టైరు హీరో దానికి ఏదో దీనికీ అదే, ఊరూరా దుకాణంల వేలాడుతుంటయి. చేసినోడు పోయినా సైకిల్ నడుస్తనే ఉంది. నా దానికి చేసినోడు ఉన్నా ముక్క దొరకలే.

పెడల్ ఇరుసు కాడ ప్రెస్‌ఫిట్ బేరింగులు, అంటే మర లేకుండ ఊరికె నొక్కి ఎక్కిచ్చినయి. పదివేల కిలోమీటర్ల కాడ కిర్రు కిర్రు మొదలైంది, ఎత్తు ఎక్కేటప్పుడు ప్రతి పెడల్‌కు. రెండుసార్లు ఇప్పిచ్చి గ్రీజు పెట్టిచ్చిన, ఎండాకాలం మళ్ళ వచ్చింది, ఇప్పుడు చెవుల పాటలు పెట్టుకుంట. దీంట్ల నేనొక్కన్నే ముసలి ఆలోచన చేస్తలేను, స్పెషలైజ్డ్ అనే సైకిల్ కంపెనీ వాళ్ళు 2020 టార్మాక్ మోడల్‌కు మళ్ళ మర తిప్పి బిగిచ్చే ఇరుసుకే వచ్చిండ్రు, ప్రెస్‌ఫిట్ల బీబీ30 అని ఒకటి మొదలువెట్టిన క్యానన్‌డేల్ కంపెనీ వాళ్ళు కూడ 2023ల సూపర్‌సిక్స్ మోడల్‌కు మర తీరుదే పెట్టిండ్రు. ఎనక గేరు తగిలిచ్చే హ్యాంగర్ కూడ బండికో తీరు ఉంటుండె, గేర్లు చేసే స్రామ్ కంపెనీ వాళ్ళు 2019ల అందరికీ ఒక్కటే సైజు అని తెచ్చిండ్రు. నా బండిది ఆ సైజు కాదు, అందుకని ఒక హ్యాంగర్ ఎప్పటికీ బ్యాగుల పెట్టుకునే తిరుగుత.

అట్లని నాయిన సైకిలే కొనుండ్రి అంటలేను. ఇరవై కిలోలకు తగ్గదు, ముందు 44 పళ్ళు, ఎనక 18, ఒక్కసారి పెడల్ తిప్పితే అయిదున్నర మీటర్లు పోతది, సాపు రోడ్డుకు అచ్చు సరిపోతది గని లతీఫ్ సాబ్ గుట్ట దిక్కు ఎత్తుకు దిగి నూకుడే. కాటర్ పిన్ను నాలుగైదు నెలలకోసారి లూజయి కాలు తప్పుతది, సుత్తెతోటి కొట్టాలె, మళ్ళ నట్టు బిగియ్యాలె. ఆ సైకిల్ మీద సాగర్ పోతవా అంటే పోను. నాయిన పోయిండట జవాన్ల ఉన్నప్పుడు, ఎనక మా అమ్మను కూసోవెట్టుకొని, ఎంత నిజమో తెల్వదు, అమ్మ మాత్రం నవ్వుతది.

ఇప్పుడున్నదాన్ని అమ్మను, అమ్మినా ఎవ్వడు సరైన ధర ఇయ్యడు. బ్రేకుల ఆయిల్ నేనే నింపుకునుడు నేర్చుకున్న, మెడికల్ షాపు కాబట్టి సిరంజీలకు కొదువ లేదు, మొదటిసారి నేలంత ఆయిల్ అయింది, మూడోసారికి లివర్ రాయి లెక్క గట్టిగైంది. ఒక్కటి యాదిల పెట్టుకోండ్రి, మినరల్ ఆయిల్ బ్రేకుల డాట్ ఆయిల్ (కార్ల బ్రేకులల్ల పోసే తీరుది) పొయ్యొద్దు, డాట్ దాంట్ల మినరల్ పొయ్యొద్దు, సీళ్ళు ఉబ్బి పాడయితయి. హెడ్‌సెట్‌కు కూడ ఒక ఉపాయం దొరికింది: పై మూత ఇప్పి ఫోర్కును రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దించితే పైపులు కొయ్యకుండనే పై బేరింగు కాడికి వేలు పోతది, గ్రీజు దట్టంగ పూసి మళ్ళ పైకి ఎక్కియ్యొచ్చు. వానలకు ముందు ఒకసారి, దసరా అయినంక ఒకసారి చేస్తున్న. పైపు పెట్టి కడుగుడు బంద్ చేసిన, బకెట్, పాత లుంగీ గుడ్డ, అంతే.

మళ్ళ కొనే రోజు వస్తే లివర్ల గేర్లు, హైడ్రాలిక్ బ్రేకులు ఉండాలె, వైర్లు బయటికెళ్ళే పోవాలె, ఇరుసుకు మరలు ఉండాలె, సీటు రాడ్డు గుండ్రంగ ఉండాలె. ఉక్కు ఫ్రేముల గిట్లాంటియి దొరుకుతున్నయి, కిలోన్నర బరువెక్కువైతే అయితది, నా పొట్ట అంతకంటే ఎక్కువ తగ్గాల్సే ఉంది.

2023ల మార్చిన బేరింగు ఇంకా టక్కుమంటలేదు. నాయిన సైకిల్‌కు పోయిన ఆదివారం గాలి దిగుతుంటే చాచా వాల్ ట్యూబు మార్చిండు, అయిదు రూపాయలు, చిల్లర లేదంటే మళ్ళ వచ్చినప్పుడు ఇయ్యి అన్నడు.