సెఫ్ పెట్టాలా, వెబ్‌వ్యూ2 పెట్టాలా? డెస్క్‌టాప్ ప్రోగ్రాముకి ఏ బ్రౌజర్ ఇంజిన్ మేలు

భీమవరం, తణుకు, అమలాపురం వైపు మేత దుకాణాలకీ రైసు మిల్లులకీ ప్రోగ్రాములు రాసిపెట్టేవాళ్ళు ఈమధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటే. పాత ప్రోగ్రాములో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కంట్రోల్ (ప్రోగ్రాము లోపలే వెబ్ పేజీ చూపించే కిటికీ) ఉంది, దాన్ని తీసేసి అదే పని చేసే సెఫ్ పెట్టాలా, వెబ్‌వ్యూ2 పెట్టాలా అని. 2022 జూన్ 15తో ఎక్స్‌ప్లోరర్ కథ ముగిసింది. ఆ కంట్రోల్ విండోస్‌లో ఇంకా మిగిలే ఉంది గానీ ఇవాళ్టి జావాస్క్రిప్ట్ దానికి అర్థం కాదు. మారక తప్పదు.

ముందుగా ఒక మాట. రెండింటి లోపలా ఉన్నది క్రోమియమే, అంటే క్రోమ్, ఎడ్జ్ బ్రౌజర్లకి మూలమైన ఓపెన్ సోర్స్ ఇంజిన్. అందుకని ఏది వేగం, ఏది కొత్త సీఎస్ఎస్ చదువుతుంది అనే పోలికల వల్ల ఒరిగేదేమీ లేదు. తేడా అంతా ఇంజిన్ ఎవరి చేతిలో ఉంటుందన్న దగ్గరే. క్రోమియం ఎంబెడెడ్ ఫ్రేమ్‌వర్క్, అంటే సెఫ్, 2008లో మార్షల్ గ్రీన్‌బ్లాట్ మొదలుపెట్టిన ప్రాజెక్టు. లైసెన్సు బీఎస్‌డీ (ఓపెన్ సోర్స్), ఇంజిన్ మొత్తం మీ ఇన్‌స్టాలర్‌లోనే వెళ్తుంది. వెబ్‌వ్యూ2కి మూలం క్రోమియమే అయినా పైన తొడుగు మైక్రోసాఫ్ట్‌ది, దాని సోర్సు బయట దొరకదు. ఇంజిన్‌ని మామూలుగా మైక్రోసాఫ్టే చూసుకుంటుంది. ఓపెన్ సోర్స్ అయి తీరాలన్నది మీ నియమమైతే పోలిక ఇక్కడితో అయిపోయింది, సెఫ్ తీసుకోండి. అలాంటి నియమం లేనివాళ్ళ కోసం మిగతాది.

తేల్చేది ఒక్కటే: ఆ కిటికీలో తెరుచుకునే పేజీ ఎవరిది?

మీరు రాసిన బిల్లు ఫారం, స్టాకు పట్టిక, రైతు ఖాతా లాంటివి మాత్రమే తెరుచుకుంటే ఇంజిన్ రెండేళ్ళ పాతదైనా కొంప మునగదు. అందులోకి బయటివాళ్ళ కోడ్ రాదు కాబట్టి. అదే కిటికీలో ఈ-వే బిల్లు పోర్టలో, బ్యాంకు పేజీనో, కొనుగోలుదారు కంపెనీ సైటో తెరిస్తే లెక్క మారిపోతుంది. క్రోమియం కొన్ని వారాలకో పెద్ద వెర్షన్ తెస్తుంది, మధ్యలో భద్రతా సవరణలు వస్తూనే ఉంటాయి. వాటిలో కొన్ని అప్పటికే ఎవరో వాడుకుంటున్న కంతల్ని పూడ్చడానికి వచ్చేవి. ఆ సవరణలు దుకాణంలో ఉన్న కంప్యూటర్‌దాకా చేర్చేది ఎవరు?

సెఫ్‌లో అయితే మీరే. లెక్క వేసి చూడండి. ఇంజిన్ ఉండే లిబ్‌సెఫ్ డీఎల్ఎల్ ఫైలు ఒక్కటే 200 ఎంబీ దాటుతుంది. దానికి ఐసీయూ డేటా ఫైలు, రిసోర్స్ పాక్ ఫైళ్ళు, గ్రాఫిక్స్ డీఎల్ఎల్‌లు తోడవుతాయి. కుదించి పంపినా 100 ఎంబీ అటూ ఇటూ. యాభై దుకాణాలుంటే నెలకి 5 జీబీ మీ సర్వర్ నుంచి పోవాలి, అందులో సగం దుకాణాలు ఫోను హాట్‌స్పాట్ మీద నడిచేవి. డౌన్‌లోడ్ మధ్యలో కరెంటు పోయిందనుకోండి, డీఎల్ఎల్ కొత్తది, పాక్ ఫైళ్ళు పాతవి అయి కూర్చుంటాయి. అలా కలగాపులగమైన సెఫ్ తెరుచుకోకుండానే పడిపోతుంది. అందుకే ఉన్న ఫోల్డరు మీద కొత్త ఫైళ్ళు కాపీ చెయ్యకూడదు. వెర్షన్ నంబరుతో వేరే ఫోల్డరులో దించి, హ్యాష్ (ఫైలు చెడకుండా వచ్చిందో లేదో చెప్పే గుర్తు) సరిచూసి, అన్నీ సరిపోయాకే ప్రోగ్రాము ఏ ఫోల్డరు వాడాలో చెప్పే ఒక్క సెట్టింగు మార్చాలి. పాత ఫోల్డర్ని మరో వెర్షన్ వచ్చేదాకా ఉంచాలి. ఇదంతా ఓపిగ్గా చేసేవాళ్ళు తక్కువ. చాలామంది సెఫ్‌ని ఇన్‌స్టాల్ చేసిన రోజున ఏ వెర్షన్ ఉందో అక్కడే వదిలేస్తారు. పైగా లింకింగ్ తలనొప్పి పడలేక, పేజీలోని కోడ్ కంప్యూటర్ జోలికి రాకుండా కట్టడి చేసే సాండ్‌బాక్స్ కూడా ఆపేస్తారు. పాత ఇంజిన్, సాండ్‌బాక్స్ లేదు, అందులో బ్యాంకు పేజీ: అది తాళం వెయ్యని గల్లాపెట్టె.

వెబ్‌వ్యూ2లో ఎవర్‌గ్రీన్ పద్ధతి (ఇంజిన్ దానంతటదే తాజా అయ్యేది) తీసుకుంటే ఈ పని ఎడ్జ్ అప్‌డేటర్ చేసిపెడుతుంది. ఆ కంప్యూటర్లో వెబ్‌వ్యూ2 వాడే ప్రోగ్రాములన్నిటికీ కలిపి ఒకే కాపీ ఉంటుంది. విండోస్ 11లో ముందే ఉంటుంది, విండోస్ 10 మెషీన్లలో చాలావాటికి 2022 నుంచి వచ్చి చేరింది. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినా, 22హెచ్2 వెర్షన్ మీద వెబ్‌వ్యూ2కి కనీసం 2028 అక్టోబరు దాకా సవరణలిస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. దుకాణం కౌంటరు మీద ఉండే కంప్యూటర్‌కి ఇంతకన్నా కావలసింది లేదు. బయటి పేజీ ఒక్కటైనా తెరిచే ప్రోగ్రాముకి వెబ్‌వ్యూ2నే సిఫారసు చేస్తాను.

అలాగని దానికి చిక్కులు లేకపోలేదు. కంప్యూటర్లో ఎడ్జ్ ఉంది కదా, చాలు అనుకుంటారు. చాలదు. వెబ్‌వ్యూ2 రన్‌టైమ్, అంటే దాని ఇంజిన్ ఉండే భాగం, వేరు. మెషీన్ తేలికవుతుందని ఊళ్ళో మెకానిక్కులు దాన్ని పీకేస్తుంటారు కూడా. ప్రోగ్రాము లేవగానే రన్‌టైమ్ వెర్షన్ అడిగి చూడండి, లేకపోతే దాన్ని నెట్ నుంచి దించిపెట్టే, 2 ఎంబీ లోపుండే బూట్‌స్ట్రాపర్‌ని సైలెంట్‌గా నడపండి. నెట్ లేని చోటికి వెళ్ళేటప్పుడు పెద్ద స్టాండలోన్ ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. రెండోది, యూజర్ డేటా ఫోల్డరు ఎక్కడో మీరు చెప్పకపోతే అది ఈఎక్స్ఈ పక్కనే పెట్టుకోబోతుంది. ప్రోగ్రాము ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉంటే అక్కడ రాసే హక్కు ఉండదు, యాక్సెస్ డినైడ్ వచ్చి కిటికీ తెల్లగా మిగులుతుంది. మీ దగ్గర మెషీన్లో అడ్మిన్‌గా నడుపుతారు కాబట్టి ఇది బయటపడదు, దుకాణంలోనే పడుతుంది. లోకల్ యాప్ డేటా కింద ఫోల్డరు చూపించండి. మూడోది, ప్రోగ్రాముని రోజుల తరబడి మూయకుండా వదిలేస్తే కొత్త ఇంజిన్ దిగినా పాతదే నడుస్తూ ఉంటుంది. కొత్త వెర్షన్ వచ్చిందని చెప్పే ఈవెంట్ ఒకటుంది. అది వస్తే గుర్తుపెట్టుకుని, రాత్రి లెక్క మూసినప్పుడు ప్రోగ్రాముని తిరిగి లేపండి.

ఇంజిన్ మీకు తెలియకుండా మారితే మీ పేజీ చెడిపోదా అన్న భయం న్యాయమైనదే. అందుకు ఇంజిన్ మారకుండా మీ ప్రోగ్రాముతోనే పంపే ఫిక్స్‌డ్ వెర్షన్ ఉంది, 250 ఎంబీ పైమాటే. దాన్ని నెట్‌వర్క్ షేర్ నుంచి నడపడం కుదరదు, సవరణల భారం మళ్ళీ మీ నెత్తినే పడుతుంది. ఆ మాత్రానికి సెఫ్ ఏం పాపం చేసింది? ఎవర్‌గ్రీనే ఉంచి, మీ మెషీన్లో ఎడ్జ్ బీటా ఛానల్ మీద ప్రోగ్రాముని ముందే నడిపి చూసుకోవడం మేలు.

సెఫ్ నిజంగా గెలిచే చోటు మిల్లులో బళ్ళు తూచే కాటా గది. అక్కడ ఇంకా విండోస్ 7 మెషీన్లు నడుస్తున్నాయి. క్రోమియం 109, అంటే 2023 జనవరి నాటిది, విండోస్ 7కి ఆఖరి వెర్షన్. సెఫ్ అయినా వెబ్‌వ్యూ2 అయినా అక్కడే ఆగిపోయాయి. సెఫ్‌లో 5414 బ్రాంచి (ఆ 109 వెర్షన్) బిల్డు తెచ్చి ఫోల్డరులో పెడితే దాని జోలికి ఎవరూ రారు. 32 బిట్ విండోస్ అయితే 32 బిట్ బిల్డే తీసుకోండి. ఆ మెషీన్లో బయటి పేజీ మాత్రం ఒక్కటి కూడా తెరవనివ్వకండి. నావిగేషన్ మొదలయ్యే కాల్‌బ్యాక్‌లోనే మీ సొంత స్కీమ్ (మీ పేజీల చిరునామా ముందుభాగం) కానివన్నీ ఆపేయండి.

దాళ్వా కోతలప్పుడు ఆ గదిలో ఏం జరుగుతుందో చూడండి. ధాన్యం ట్రాక్టరు కాటా ఎక్కగానే ఇండికేటర్ నుంచి సీరియల్ తీగలో బరువు సెకనుకు పలుమార్లు వస్తుంది. 8,420 అని వస్తుంది, 8,460 అవుతుంది, ట్రాలీ ఊగడం ఆగేదాకా అంకె కుదురుకోదు. వచ్చిన ప్రతి అంకెనూ పేజీకి పంపితే పాత మెషీన్లో వరస పేరుకుపోతుంది. ట్రాక్టరు దిగిపోయాక కూడా తెర మీద దాని బరువే కదులుతుంటుంది, వెనకాల ఎక్కిన బండికి ముందు బండి తూకం పడే ప్రమాదం ఉంది. హోస్టు ప్రోగ్రాములో, అంటే కిటికీని లోపల పెట్టుకున్న మీ ప్రోగ్రాములో, ఆఖరి అంకె ఒక్కటే దాచుకుని, 200 మిల్లీసెకన్లకోసారి దాన్నే పంపండి. రెండు సెకన్లపాటు అంకె ఒక్క గీత (కాటా చూపే కనీస మెట్టు) కన్నా ఎక్కువ కదలకపోతేనే చీటీ బటన్ తెరుచుకోవాలి. ఆ తీర్పు హోస్టులోనే జరగాలి, జావాస్క్రిప్ట్‌కి వదలొద్దు. ఇంకో తేడా ఇక్కడే కనబడుతుంది. సెఫ్‌లో బ్రౌజర్ ప్రాసెస్ నుంచి పేజీకి స్క్రిప్ట్ పంపడం ఏ థ్రెడ్ నుంచైనా కుదురుతుంది. వెబ్‌వ్యూ2ని తయారుచేసిన యూఐ థ్రెడ్ నుంచే పిలవాలి. డాట్‌నెట్‌లో సీరియల్ పోర్టు డేటా వేరే థ్రెడ్ మీద వస్తుంది, నేరుగా పంపితే ఎక్సెప్షన్ తప్పదు.

చెరువుల దగ్గర కెమెరా బొమ్మ ప్రోగ్రాములోనే కావాలంటే గుర్తుంచుకోండి: సెఫ్ రెడీమేడ్ బిల్డుల్లో హెచ్.264, ఏఏసీ అనే వీడియో, ఆడియో కోడెక్కులు ఉండవు. పేజీ తెరుచుకుంటుంది, వీడియో చోట నల్లగా ఉంటుంది. కావాలంటే కోడెక్కులతో క్రోమియం మొత్తాన్ని మీరే కంపైల్ చేసుకోవాలి. 100 జీబీకి పైగా ఖాళీ డిస్కు, గంటల తరబడి సమయం, కోడెక్ పేటెంట్ లైసెన్సుల సంగతి వేరే. వెబ్‌వ్యూ2లో ఆ వీడియో మామూలుగా ఆడుతుంది.

తెలుగు విషయంలో రెండూ ఒకటే, అక్షరాలు చూపించే ఇంజిన్ ఒకటే కాబట్టి. తేడా ఫాంటు దగ్గర వస్తుంది. గౌతమి విండోస్ 7లో ఉంటుంది, విండోస్ 10లో అదనపు ఫీచరు కిందికి పోయింది. నిర్మలా యూఐ విండోస్ 8 నుంచే ఉంది. ఏదో ఒకటి దొరుకుతుందిలే అని వదిలేస్తే ఒకే బిల్లు రెండు దుకాణాల్లో రెండు పొడవుల్లో వస్తుంది. నోటో సాన్స్ తెలుగునో మండలినో ప్రోగ్రాముతోనే పంపండి. లైన్ హైట్ 1.2 పెడితే లక్ష్మిలో కింది మకారం, సుబ్బారావులో బావత్తు కిందివరసలోకి దిగిపోతాయి. 1.6 పెట్టండి. సెఫ్‌లో సైజు తగ్గించడానికి లొకేల్ పాక్ ఫైళ్ళు తీసేసేవాళ్ళు తెలుగుదీ అమెరికన్ ఇంగ్లీషుదీ ఉంచుకోవాలి. మరొకటి, సెఫ్‌ని ఆఫ్‌స్క్రీన్ పద్ధతిలో (సొంత కిటికీ లేకుండా, పేజీని బొమ్మగా గీయించి) వాడితే ఐఎంఈ కూర్పు, అంటే నొక్కిన కీలని తెలుగు అక్షరాలుగా కలిపే పని, మీరే రాసుకోవాలి. రాయకపోతే ఫొనెటిక్ కీబోర్డుతో టైపు చేసే పేర్లు సగంలో విరిగిపోతాయి. మామూలు కిటికీగా వాడితే ఆ బాధ లేదు.

ప్రింటింగ్‌లో వెబ్‌వ్యూ2 ఒక మెట్టు పైనే. ప్రింటరు పేరు చెప్పి, డైలాగ్ లేకుండా పంపొచ్చు. కొలత అంగుళాల్లో ఇవ్వాలి: 80 మి.మీ. రోలుకి వెడల్పు 3.15. మార్జిన్లు సున్నా చెయ్యడం మరిచిపోతే చుట్టూ సెంటీమీటరు పోతుంది. పేజీ సైజు రూల్‌లో వెడల్పు 80 మి.మీ., ఎత్తు ఆటో అని రాస్తే చెల్లదు, బిల్లు ఎత్తు కొలిచి రెండూ అంకెల్లో ఇవ్వాలి. సెఫ్‌లో సూటిదారి పీడీఎఫ్ చేసి, దాన్ని వేరే ప్రోగ్రాముతో ప్రింటరుకి పంపడం. కాటా చీటీ డాట్ మ్యాట్రిక్స్ మీద అయితే ఇంజిన్ ప్రింటు జోలికే వెళ్ళకండి. అది గ్రాఫిక్స్‌గా గీసుకుంటూ పోతుంది, వెనక బళ్ళు ఆగిపోతాయి. ఆ ప్రింటరులో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి చీటీ తలకట్టు ముందే అచ్చు వేయించి, నంబర్లు మాత్రం స్పూలరు ద్వారా రా టెక్స్ట్‌గా పంపాలి.

మిగతావాటి సంగతి రెండు ముక్కల్లో. ప్రోగ్రాము ఇప్పటికే క్యూటీ అనే సీ++ ఫ్రేమ్‌వర్క్‌లో ఉంటే క్యూటీ వెబ్‌ఇంజిన్ వాడండి. పాత క్రోమియం మీదికి భద్రతా సవరణలు తెచ్చి అతికిస్తారు, విండోస్‌లో ఎంఎస్‌వీసీ కంపైలరే కావాలి. ఎలక్ట్రాన్ అంటే ప్రోగ్రాముని మొత్తం దాంట్లోనే రాసుకోవడం, ఉన్నదాంట్లో ఇమడదు. లైనక్స్‌కి వెబ్‌కిట్‌జీటీకే ఉంది. ఫైర్‌ఫాక్స్ ఇంజిన్ గెకోని డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో పొదిగే దారి మొజిల్లా ఎప్పుడో మూసేసింది. సర్వో అనే కొత్త ఇంజిన్ని గమనిస్తూ ఉండండి, బిల్లింగుకి మాత్రం ఇంకా వద్దు.

ఏది పెట్టినా పాత ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్లున్న మెషీన్లో కిటికీ తెల్లగానో నల్లగానో మిగలొచ్చు. జీపీయూ ఆపే ఆర్గ్యుమెంట్‌ని సెట్టింగుల ఫైలులో ఒక వరసగా పెట్టుకుంటే ఫోన్లోనే చెప్పి సరిచేయించవచ్చు. బిల్లుల్ని బ్రౌజర్ స్టోరేజీలో దాచకండి, రెండు ఇంజిన్లలోనూ అది కరెంటు కోతకి తట్టుకునే చోటు కాదు. హోస్టు పక్క ఎస్‌క్యూలైట్ డేటాబేసులో, సింక్రనస్ ఫుల్ (రాసింది డిస్కుకి చేరాకే ముందుకెళ్ళే సెట్టింగు)తో రాయండి. దుకాణంలో అప్పజెప్పే ముందు యూపీఎస్ తీసి, బిల్లు సేవ్ నొక్కి, కనబడిన మరుక్షణం ప్లగ్గు పీకండి. మళ్ళీ లేచాక ఆ బిల్లు నంబరు పట్టికలో ఉండాలి.