తక్కువ ధర ఎలక్ట్రిక్ గిటార్‌కి ఏది మేలు: పికప్‌లు మార్చడమా, వైరింగ్ మార్చడమా?

కొత్తగా ఎలక్ట్రిక్ గిటార్ కొన్నవాళ్లు ఆర్నెల్లు తిరక్కముందే అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, దీనికి మంచి పికప్‌లు వేయిస్తే ఖరీదైన గిటార్‌లా మోగుతుందా?" పికప్ అంటే తీగల కింద ఉండి, వాటి కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం. అక్కడి నుంచి కేబుల్ గుచ్చే జాక్ దాకా ఉండే వైర్లు, నాబ్‌లు, స్విచ్ అన్నీ వైరింగ్ కిందికి వస్తాయి. నేనూ ఒకప్పుడు ఇదే అడిగాను. ఇప్పుడు నన్నెవరైనా అడిగితే ముందు నేనే ఒకటి అడుగుతాను. మీ గిటార్‌లో మీకు నచ్చనిది ఏంటి? ఎప్పుడూ వినిపించే గుంయ్‌మనే మోతా? నాబ్ తిప్పితే వచ్చే గరగరా? లేక మోగే స్వరమే చెవిలో గుచ్చుకుంటోందా? మొదటి రెండూ చాలావరకు వైరింగ్ వల్ల వచ్చేవి. మూడోదానికి పికప్ కారణం కావచ్చు, కానీ అన్నిసార్లూ కాదు.

నేను చెప్పేది స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్ల గురించి. ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన డిజైన్ అది. మన దగ్గర తక్కువ ధరకి దొరికే గిటార్లలో చాలా వాటికి అదే మూలం. ఒక్కొక్క తీగచుట్ట మాత్రమే ఉండే మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు, ఒక వాల్యూమ్, రెండు టోన్ నాబ్‌లు, ఒక స్విచ్. అన్నీ ఒకే ప్లాస్టిక్ పిక్‌గార్డ్‌కి బిగించి ఉంటాయి. తీగలు తీసేసి, చుట్టూ ఉన్న స్క్రూలు విప్పితే లోపలి సరంజామా అంతా చేతికొస్తుంది.

నా గిటార్ మొదటిసారి అలా విప్పినప్పుడు చూసింది ఇప్పటికీ గుర్తుంది. బాడీలో ఇవన్నీ కూర్చునే గుంత లోపల ఏ పూతా లేదు, ఉత్త చెక్క. వాల్యూమ్, టోన్ పాట్లు, అంటే నాబ్‌ల కింద ఉండే తిప్పుడు రెసిస్టర్లు, రూపాయి బిళ్ల కంటే చిన్నవి. వాటి వెనక సోల్డర్ మెరుపు లేకుండా ఉండకట్టి ఉంది. బాడీ మీద తీగలు ఆనుకునే బ్రిడ్జి నుంచి వచ్చే నల్ల గ్రౌండ్ వైర్‌ని వేలితో మెల్లగా కదిపాను. ఊడి చేతిలోకి వచ్చేసింది. ఏడాదిపాటు "ఈ పికప్‌లు బాగోలేవు" అని నేను తిట్టుకున్న మోతకి కారణం ఆ అతుకు. దాన్ని మళ్లీ అతికించడానికి రెండు నిమిషాలు పట్టింది.

అందుకే నా ఓటు ముందు వైరింగ్‌కి. అందులో ఒక్కొక్క పని ఏం చేస్తుందో తెలిస్తే ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎక్కడ అక్కర్లేదో మీకే తెలుస్తుంది.

పాట్ల దగ్గర మొదలుపెడదాం. పాట్ మీద ఏం రాసి ఉందో చూడండి. నా దాని మీద బి500కె అని ఉంది. ఇక్కడ 500కె అంటే 500 కిలో ఓమ్స్. సింగిల్ కాయిల్‌కి మామూలుగా వాడేది 250, రెండు కాయిల్స్ ఉండే హంబకర్‌కి 500. పికప్‌కీ కేబుల్‌కీ కలిపి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర స్వరం బాగా పొంగుతుంది. సింగిల్ కాయిల్‌కి మామూలు కేబుల్‌తో అది నాలుగైదు వేల హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మన చెవికి పదునుగా తగిలే చోటు సరిగ్గా అదే. పాట్ విలువ తక్కువైతే ఆ పొంగు కాస్త అణుగుతుంది. వాల్యూమ్‌కీ టోన్‌కీ 250 పాట్లు వేశాక నా గిటార్‌లో ఆ గుచ్చుకోవడం సగానికి తగ్గింది, పికప్‌లు పాతవే. ఇక బి అంటే లీనియర్, ఏ అంటే ఆడియో రకం. లీనియర్ పాట్‌ని వాల్యూమ్‌కి వాడితే పది నుంచి మూడు దాకా పెద్ద తేడా తెలియదు, తర్వాత ఒక్కసారిగా శబ్దం పడిపోతుంది. పాట వెనక వాయిస్తూ చిటికెనవేలితో వాల్యూమ్ సర్దుకునేవాళ్లకి ఇది పెద్ద ఇబ్బంది. కొనేటప్పుడు ఏ250కె అని అడగండి. పెద్ద సైజు పాట్లు కొంటే పిక్‌గార్డ్ రంధ్రాలు కొద్దిగా పెద్దవి చేయాల్సి రావచ్చు. బాడీ పలచగా ఉన్న గిటార్లలో లోతు కూడా కొలిచి చూసుకోండి.

టోన్ నాబ్ తగ్గించినప్పుడు స్వరంలో పదును తీసేసే టోన్ కెపాసిటర్ గురించి మాత్రం బుర్ర పాడుచేసుకోకండి. 0.022 కానీ 0.047 మైక్రోఫారడ్ కానీ, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు పాలియెస్టర్ కెపాసిటర్ చాలు. ఖరీదైన ఆయిల్ కెపాసిటర్ వేస్తే స్వరం తియ్యగా మారుతుందంటారు. విలువ ఒకటే అయినప్పుడు నా చెవికి తేడా ఎప్పుడూ దొరకలేదు.

నాకు బాగా నచ్చిన మార్పుకి మాత్రం ఖర్చే లేదు. పాత పద్ధతి స్ట్రాట్ వైరింగ్‌లో రెండు టోన్ నాబ్‌లు నెక్ (మెడ) వైపు, మధ్య పికప్‌లకే పనిచేస్తాయి. అన్నిటికంటే పదునైన బ్రిడ్జి పికప్‌కి టోన్ ఉండదు. స్విచ్ మీద మధ్య పికప్ టోన్ కాలికీ, పక్కనున్న బ్రిడ్జి కాలికీ చిన్న వైరు ముక్క వేస్తే రెండో టోన్ నాబ్ బ్రిడ్జికి కూడా పనిచేస్తుంది. ఇది చేశాక చాలామంది బ్రిడ్జి పికప్ మార్చాలన్న ఆలోచనే మానుకున్నారు.

ఇక కాపర్ టేప్. గుంత లోపల, పిక్‌గార్డ్ వెనకా రాగి టేప్ అంటించి, ముక్కలన్నీ ఒకదానికొకటి సోల్డర్‌తో కలిపి, గ్రౌండ్‌కి జోడిస్తారు. దీని మీద జనానికి ఉండాల్సినదానికంటే ఎక్కువ ఆశలున్నాయి, కాబట్టి సూటిగా చెప్తాను. ఎల్‌ఈడీ బల్బులు, ఫ్యాన్ రెగ్యులేటర్లు, చార్జర్ల నుంచి వచ్చే చిరచిర బాగా తగ్గుతుంది. యాంప్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి అయస్కాంత క్షేత్రం రూపంలో వచ్చే 50 హెర్ట్జ్ హమ్, అంటే ఆ గుంయ్‌మనే మోత, మాత్రం తగ్గదు. మీ ఇంట్లో ఏది ఉందో తెలుసుకోవడం తేలికే. గిటార్ ఒళ్లో పెట్టుకుని కుర్చీతో సహా మెల్లగా తిరగండి. ఒక వైపు తిరిగినప్పుడు మోత దాదాపు పోయి, ఇంకో వైపు మళ్లీ పెరిగితే అది అయస్కాంత హమ్. దానికి టేప్ డబ్బు దండగ. ఒకటి జాగ్రత్త. తీగలు ముట్టుకున్నప్పుడు ఒంట్లో జుమ్మని కరెంటు తగిలితే వాయించడం ఆపేసి, గిటార్ కంటే ముందు ఇంటి ఎర్తింగ్ చూపించండి.

నేను మోత గురించి ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. నేను గమకాలు వాయిస్తాను. స్వరం సాగుతూ సన్నబడే కొద్దీ వెనక హమ్ పైకి తేలుతుంది, ఆ గమకం చివరి భాగం అందులో మునిగిపోతుంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు జంట తీగల మాండలిన్ పక్కన పెట్టి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వినిపించారు. వాయిద్యాన్ని మన సంగీతానికి తగ్గట్టు మార్చుకోవడం మనవాళ్లకి కొత్త కాదు.

సరే, పికప్‌ల సంగతి. తక్కువ ధర గిటార్లలో ఎక్కువగా ఉండేవి సెరామిక్ పికప్‌లు. వెనక్కి తిప్పి చూస్తే అడుగున నల్లటి అయస్కాంత పట్టీ కనిపిస్తుంది, పైన తీగల కింద ఉండేవి ఉత్త ఉక్కు కడ్డీలు. ఆల్నికో పికప్‌లలో ఆ కడ్డీలే అయస్కాంతాలు. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం కాబట్టి ఆ పేరు. సెరామిక్ అంటే చెడ్డదని కాదు, స్వరం కాస్త గట్టిగా, బిగువుగా ఉంటుంది. ఆల్నికోలో మీటిన మీటు మెత్తగా తగులుతుంది. ఐదు స్థానాల స్విచ్‌లో పక్కపక్క పికప్‌లు రెండు కలిసి మోగే రెండో, నాలుగో స్థానంలో వచ్చే ఆ డొల్ల స్వరం కూడా ఇంకా విడిగా వినిపిస్తుంది. 1977 దాకా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్ట్రాట్‌లలో మూడు స్థానాల స్విచ్చే ఉండేది. వాయించేవాళ్లు దాన్ని మధ్యలో ఇరికించి ఆ స్వరం రాబట్టుకునేవారు.

అయితే కొనే ముందు స్క్రూడ్రైవర్‌తో ఒక ప్రయత్నం చేయండి. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టి, పికప్ కడ్డీకీ తీగకీ మధ్య దూరం కొలవండి. బేస్ వైపు 2 మిల్లీమీటర్లు, ట్రెబుల్ వైపు 1.6 దగ్గర మొదలుపెట్టి, అక్కడి నుంచి చెవిని బట్టి దించుకుంటూ రండి. దుకాణం నుంచి వచ్చే గిటార్లలో పికప్‌లు తరచూ ఎక్కువ ఎత్తులో ఉంటాయి. దించితే శబ్దం కొంచెం తగ్గుతుంది కానీ స్వరానికి ఊపిరి వస్తుంది.

పాట్లు మార్చి, ఎత్తు సర్ది, ఇంకా "ఇది నేను వెతికే గొంతు కాదు" అనిపిస్తే అప్పుడు పికప్‌ల మీద పెట్టే డబ్బు సార్థకం. ఒక్కటి కొనడం కంటే సెట్‌గా కొనండి. మధ్య పికప్ కాయిల్‌నీ అయస్కాంతాన్నీ తిరగేసిన రకం, అంటే ఆర్‌డబ్ల్యూఆర్‌పీ (రివర్స్ వౌండ్, రివర్స్ పోలారిటీ), అయితే రెండు, నాలుగు స్థానాల్లో హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. టేప్ ఆపలేని మోత ఇక్కడ ఆగుతుంది. వేరే కంపెనీది ఒక్కటే తెచ్చి కలిపితే ఒక్కోసారి ఫేజ్ ఎదురై, అంటే రెండు పికప్‌ల సిగ్నల్ ఒకదానికొకటి వ్యతిరేకమై, రెండూ కలిసినప్పుడు స్వరం రేడియోలోలా పల్చబడిపోతుంది. అప్పుడు దాని రెండు వైర్లు అటుదిటు మార్చాల్సి వస్తుంది.

బ్యాండ్‌లో డిస్టార్షన్ (స్వరాన్ని కావాలని గరుకుగా మార్చే ఎఫెక్ట్) పెట్టి వాయించేవాళ్లకి మాత్రం నా సలహా వేరు. డిస్టార్షన్ హమ్‌ని కూడా అంతే పెంచుతుంది. మీరు బ్రిడ్జి దగ్గర సింగిల్ కాయిల్ సైజులోనే దొరికే రైల్ హంబకర్ వేసుకోండి. గిబ్సన్ గిటార్ కంపెనీలో సేత్ లవర్ 1955లో పేటెంట్‌కి దరఖాస్తు చేసిన ఆలోచనే అది, రెండు కాయిల్స్ ఒకదానికొకటి ఎదురు దిశలో పనిచేసి హమ్‌ని చంపేస్తాయి. పూర్తి సైజు హంబకర్ అయితే చాలా గిటార్లలో చెక్క కోయాలి, పిక్‌గార్డ్ మార్చాలి. చవక గిటార్‌కి నేనైతే అంత దూరం వెళ్లను.

అన్నీ బిగించి వచ్చే రెడీమేడ్ పిక్‌గార్డ్‌లు కూడా ఉన్నాయి. జాక్‌కి వెళ్లే రెండు వైర్లు, బ్రిడ్జి గ్రౌండ్ అతికిస్తే పని అయిపోతుంది. సోల్డరింగ్ అంటే టెన్షన్ పడేవాళ్లకి మంచిదే. కానీ స్క్రూ రంధ్రాలు మీ బాడీతో కలవకపోవచ్చు, పాత పిక్‌గార్డ్ ఫొటోతో పోల్చి చూశాకే ఆర్డర్ పెట్టండి.

గిటార్ అమ్మేసి మెరుగైనది కొనడం ఎప్పుడు మేలు? నెక్ మెలితిరిగినా, ఫ్రెట్‌లు అరిగి స్వరం పట్టకపోయినా. అప్పుడు పికప్‌లు, పాట్లు రెండూ వృథా. నెక్ బాగుండి, చేతికి ఇష్టంగా ఉంటే ఉన్నదాన్నే బాగు చేసుకోండి.

పని మొదలుపెట్టే ముందు వైరింగ్‌ని ఫోన్‌లో నాలుగు వైపుల నుంచి ఫొటో తీసి పెట్టుకోండి. బాడీ మీద పాత బట్ట పరవండి, సోల్డర్ చుక్క పడితే పాలిష్ పోతుంది. 25 వాట్ల ఐరన్ స్విచ్ కాళ్లకి చాలు. పాట్ వీపుకి మాత్రం 40 నుంచి 60 వాట్లది వాడి, రెండు మూడు సెకన్లలో తీసేయండి. ఎక్కువసేపు ఆనించి ఉంచితే లోపలి కార్బన్ పట్టీ పాడై, కొత్త పాట్ కూడా గరగరలాడుతుంది. తీసిన పాత పికప్‌లు పారేయకండి, ఏది నెక్‌దో ఏది బ్రిడ్జిదో చీటీ రాసి కవర్లో దాచండి. రేపు గిటార్ అమ్మాల్సి వస్తే కొత్తవి మీ దగ్గరే ఉంచుకుని పాతవి తిరిగి బిగించి ఇవ్వొచ్చు.