మైక్రోసాఫ్ట్ క్లారిటీ: చాన్నాళ్లు వాడిన డిజైనర్ మాట

అమలాపురంలో కూర్చుని చుట్టుపక్కల చిన్న వ్యాపారాలకి వెబ్‌సైట్లు డిజైన్ చేస్తుంటాను. పూతరేకులు, కడియం మొక్కలు, నర్సాపురం లేసు, ఇలాంటివి. చాలాకాలంగా చేసిన ప్రతి సైటులోనూ క్లారిటీ పెడుతున్నాను, అంటే సైటుకొచ్చినవాళ్లు ఏం చేశారో రికార్డు చేసి చూపించే మైక్రోసాఫ్ట్ వాళ్ల టూల్. 2020లో అందరికీ వదిలారు, ఇప్పటికీ ఉచితమే, రోజుకి లక్ష సెషన్ల (ఒకరు ఒకసారి సైటుకొచ్చి వెళ్తే ఒక సెషన్) దాకా రికార్డు చేస్తుంది. మన షాపులకి లక్ష ఎక్కడిది లెండి. సైటుకొచ్చినవాళ్లు ఎక్కడ నొక్కారు, ఎందాకా కిందకి జరిపారు, ఎక్కడ విసిగి వెళ్లిపోయారు, అన్నీ మళ్లీ ఆడించి చూపిస్తుంది. బాగా పనికొస్తుంది. కానీ తెలుగు సైటు చేసేవాళ్లు దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే కుదరదు.

హీట్‌మ్యాపుల గురించి, అంటే పేజీలో జనం ఎక్కడెక్కడ ఎక్కువగా నొక్కారో రంగుల్లో చూపించే బొమ్మల గురించి, అందరూ తెగ చెప్తారు. ఎర్రగా పచ్చగా ఉంటుంది కాబట్టి ఓనరు గారికి చూపించడానికి బాగుంటుంది, అంతకుమించి నాకు ఒరిగిందేమీ లేదు. అసలు సరుకంతా రికార్డింగుల్లోనే ఉంది. అందులోనూ రేజ్ క్లిక్స్, డెడ్ క్లిక్స్ అని రెండు ఫిల్టర్లుంటాయి, మొదటిది ఒకేచోట టపటపా నొక్కినవాళ్లని పట్టిస్తుంది, రెండోది నొక్కినా ఏమీ జరగని చోట్లని. నేను పొద్దున్నే ఆ రెండే తీస్తాను.

ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే ఒకాయన "సైటు బానే ఉంది కదండీ, జనమే కొనట్లేదు" అని పిలిచారు. క్లారిటీ పెట్టి నాలుగు రోజులు ఆగితే విషయం బయటపడింది. జనం బెల్లం పూతరేకుల ఫొటో మీద నొక్కుతున్నారు, ఆ ఫొటోకి లింకే లేదు, కింద సన్నగా ఉన్న పేరుకి మాత్రమే ఉంది. అది సులువు, పది నిమిషాల పని. తలనొప్పంతా అడ్రసు పేజీలో. డోర్ నంబరు తప్పనిసరి అని పెట్టారు ముందు చేసినవాళ్లు. లంక గ్రామాల్లో, రామాలయం ఎదురు సందు అంటే తెలిసిపోయే ఊళ్లలో, డోర్ నంబరు ఎవరు గుర్తుపెట్టుకుంటారండీ? ఖాళీగా వదిలేసి 'ముందుకు' అని నొక్కుతారు, పేజీ కదలదు, మళ్లీ నొక్కుతారు, మళ్లీ, ఇక వెళ్లిపోతారు. తప్పేమిటో చెప్పే ఎర్ర అక్షరాలేమో ఫారం పైన ఎక్కడో, వాళ్లకి కనబడనంత దూరంలో ఉన్నాయి. "డోర్ నంబరు లేకపోతే కొరియర్ కుర్రాడు ఎలా తెస్తాడండీ" అని ఓనరు గారు ఒప్పుకోలేదు. నేను వాదించలేదు, రెండు రికార్డింగులు ఆయన ముందు పెట్టాను. రెండోది పూర్తవకుండానే "తీసేయండి బాబూ" అన్నారు. డోర్ నంబరు బదులు 'దగ్గరలో గుర్తు' అనే పెట్టె పెట్టి, ఏ పెట్టెలో తప్పుంటే ఆ పెట్టె కిందే చెప్పేలా మార్చాం. కొరియర్ కుర్రాడు ఎలాగూ ఫోన్ చేసే వస్తాడు.

ఇక ఇబ్బందుల సంగతి. టైప్ చేసింది ఏదీ కనబడదు, చుక్కలే. అది మంచిదే, జనం వివరాలు మనకెందుకు. కాకపోతే మామూలు సెట్టింగులో అంకెల్ని కూడా దాచేస్తుంది కాబట్టి ధరలు సైతం చుక్కలైపోతాయి, అవి కనబడాలంటే ఆ భాగానికి ఈ దాచడాన్ని (మాస్కింగ్ అంటారు) మనమే తీసేయాలి, అదీ ఆ తర్వాత వచ్చే రికార్డింగులకే వర్తిస్తుంది. డబ్బు కట్టే పేజీ మన పేజీలో పొదిగిన వేరే కంపెనీ ఫ్రేములో ఉంటే దాని లోపల జరిగేది కనబడదు. అసలు ఇలా రికార్డు చేస్తున్నామని ప్రైవసీ పేజీలో రాయాలి, మనవాళ్లు చాలామంది రాయరు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, క్లారిటీ చూపించేది వీడియో కాదు. పేజీ కోడ్‌ని దాచుకుని, మన కంప్యూటర్లో మళ్లీ కట్టి చూపిస్తుంది. అంటే సైటుకి ప్రత్యేకంగా ఫాంట్ జతచేయకపోతే, నేను చూసేది నా ల్యాప్‌టాప్‌లోని నిర్మల యూఐ అక్షరాలు, కొనే ఆవిడ ఫోన్లో ఉండేది నోటో శాన్స్ తెలుగు కావచ్చు. బటన్ ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకి సరిపడా బిగించేస్తే 'బుట్టలో వేయండి'లో ట్టకి ఉన్న వత్తు ఆవిడకి సగం తెగి కనబడుతుంది, నాకేమో రికార్డింగులో నిక్షేపంగా ఉంటుంది. ఫోన్ కీబోర్డు కూడా రికార్డింగులో రాదు, అది సగం స్క్రీను మింగేసి బటన్ని కప్పేసినా మనకి తెలీదు. ఎవరైనా ఏమీ నొక్కకుండానే టక్కున వెనక్కి వెళ్లిపోతుంటే ఎందుకో అర్థం కాక బుర్ర గోక్కోవడమే. అలాంటప్పుడు పక్కింటి పిన్నిగారికి ఆవిడ ఫోనే చేతికిచ్చి, ఒక డబ్బా ఆర్డర్ పెట్టమని, నోరు మూసుకుని పక్కన కూర్చుంటాను. వత్తుల గొడవకి లైన్ ఎత్తు పెంచడం, బటన్‌కి ఎత్తు బిగించకుండా లోపల ఖాళీ వదలడం, ఫాంట్‌ని సైటుతోపాటే పంపడం, ఈ మూడూ చేస్తే చాలావరకు పోతుంది.

రికార్డింగులు మామూలుగా 30 రోజులే ఉంటాయి. మన స్వీటు షాపులకి అసలు రద్దీ సంక్రాంతికే కాబట్టి, ఆ వారంలో పనికొచ్చేవి కనబడగానే ఫేవరెట్‌గా గుర్తు పెట్టుకోండి, అవి 13 నెలల దాకా ఉంటాయి, మళ్లీ పండక్కి తీసి చూసుకోవచ్చు.