మొదటి సెమిస్టర్ బయోకెమిస్ట్రీకి మాలిక్యులర్ మోడల్ కిట్ కొనొచ్చా?

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ మూడున్నరా అమైనో యాసిడ్స్, షుగర్స్ చాప్టర్ల పుణ్యమే. గ్లైకాలసిస్, క్రెబ్స్ సైకిల్ (గ్లూకోజ్ నుంచి కణం శక్తి తీసే చర్యల వరుసలు) కోసమైతే కొనకండి, అక్కడ దీనితో పనే పడదు.

పెట్టె నిండా ప్లాస్టిక్ బంతులు. కార్బన్ నలుపు, ఆక్సిజన్ ఎరుపు, నైట్రోజన్ నీలం, హైడ్రోజన్ తెలుపు. వాటిని కలపడానికి పొట్టి పుల్లలు, డబుల్ బాండ్ కోసం వంగే పొడుగు పుల్లలు. కొత్తలో ఎంత బిగుతుగా ఉంటాయంటే గోళ్లు విరగాల్సిందే. ఊడదీయడానికి ఇచ్చిన చిన్న పనిముట్టు పారేసుకోకండి.

ముందు అలనిన్ అనే అమైనో యాసిడ్ చేయండి, 13 బంతులు చాలు. మధ్య కార్బన్‌కున్న హైడ్రోజన్‌ని మీ ముక్కు వైపు తిప్పి చూడండి. కార్బాక్సిల్ (COOH), మిథైల్ (CH3), అమైనో (NH2) గ్రూపులు ఆ వరుసలోనే గడియారం ముల్లు తిరిగినట్టు వస్తే అది ఎల్-అలనిన్. ఏ రెండు గ్రూపుల్ని తారుమారు చేసినా దాని అద్దంలో బొమ్మ, అంటే డి-అలనిన్ అయిపోతుంది. రెండూ చేసి పక్కపక్కన పెడితే, ఎన్ని రకాలుగా తిప్పినా ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు. బోర్డు మీద గీతలు, చుక్కల గీతలు చూసి బట్టీపట్టేవాళ్లకి ఈ ఒక్క పనితోనే డబ్బులు గిట్టుబాటు. గ్లైసిన్ అనే ఇంకో అమైనో యాసిడ్‌కి ఈ ఎల్, డి గొడవ ఎందుకు లేదో కూడా చూడగానే తెలుస్తుంది: దాని మధ్య కార్బన్‌కి రెండు తెల్ల బంతులే.

గ్లూకోజ్ కూడా బాగా వస్తుంది. బీటా గ్లూకోజ్‌ని చెయిర్ (కుర్చీలా వంగిన రింగు) ఆకారంలో పెడితే ఓహెచ్‌లన్నీ (ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు) రింగు పక్కలకి చాచుకుని, ఒకదానికొకటి అడ్డం రాకుండా ఉంటాయి. నాలుగో కార్బన్ దగ్గర ఓహెచ్‌నీ హైడ్రోజన్‌నీ అటూ ఇటూ మారిస్తే గెలాక్టోజ్. ఒకటో కార్బన్ దగ్గర మారిస్తే ఆల్ఫా గ్లూకోజ్.

ఇక అసలు ఫిర్యాదు పెప్టైడ్ బాండ్ దగ్గర, అంటే ప్రొటీన్లో అమైనో యాసిడ్స్‌ని కలిపే బాండ్ దగ్గర. రెండు అలనిన్‌లని పొట్టి పుల్లతో కలిపితే కార్బన్-నైట్రోజన్ బాండ్ గిరగిరా తిరుగుతుంది. నిజానికి అది తిరగకూడదు, దానికి సగం డబుల్ బాండ్ గుణం ఉంటుంది. కిట్‌తో వచ్చిన కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. కిట్ ఉన్నవాళ్లు ఇలా చేయండి: ఆక్సిజన్ దగ్గరున్న వంగే పుల్లలు రెండూ తీసి కార్బన్, నైట్రోజన్ మధ్య పెట్టండి, ఆక్సిజన్‌కి పొట్టి పుల్ల ఒకటి చాలు. ఆ బాండ్‌కి అటూ ఇటూ ఉన్న ఆరు పరమాణువులూ ఒకే తలంలోకి వచ్చేస్తాయి. ఆక్సిజన్‌కి ఒక రంధ్రం ఖాళీగా మిగిలిందా, నెగటివ్ చార్జ్ అక్కడే. రెజొనెన్స్ (ఒకే అణువుని రెండు బొమ్మల కలయికగా చూపడం) అంటూ క్లాసులో గీసే రెండో బొమ్మ ఇదే. 1951లో పాలింగ్, కోరీ అనే శాస్త్రవేత్తలు ఆల్ఫా హెలిక్స్‌ని (ప్రొటీన్ గొలుసు స్ప్రింగులా చుట్టుకునే ఆకారం) ప్రతిపాదించిందీ ఈ బాండ్ తిరగదన్న ఆధారంతోనే.

ఫాస్ఫరస్ బంతులు రెండే ఇచ్చారు. కణంలో శక్తిని మోసే ఏటీపీకి మూడు కావాలి. పెట్టె మీద మాత్రం బయోకెమిస్ట్రీ విద్యార్థుల కోసమని పెద్దక్షరాలు!

ప్రొటీన్ల ఆకారాలు దీనితో చూద్దామనుకోకండి. ఆల్ఫా హెలిక్స్ ఒక్క చుట్టుకే 3.6 అమైనో యాసిడ్స్ కావాలి, కార్బన్లు అయిపోతాయి. దానికి ప్రొటీన్ల ఆకారాలు దాచిన ప్రొటీన్ డేటా బ్యాంక్ సైట్ ఉంది, బ్రౌజర్‌లోనే హీమోగ్లోబిన్‌ని తిప్పి చూసుకోవచ్చు, అదీ ఉచితంగా.