ఇంట్లోకి ఏ డంబెల్స్ మేలు: హెక్స్ జతలా, ప్లేట్ల సెట్టా?

ఈమధ్య తెలిసినవాళ్లలో వ్యాయామం మొదలుపెట్టాలనుకునే ప్రతి ఒక్కరూ నన్ను ఇదే అడుగుతున్నారు. రబ్బరు తొడుగున్న, బరువు మార్చలేని ఆరు పలకల హెక్స్ డంబెల్స్ జతలుగా కొనుక్కోవాలా, లేక రాడ్డుకి ప్లేట్లు ఎక్కించుకునే సెట్టు తీసుకోవాలా? నాలుగేళ్లు వాడిన హెక్స్ జతల్ని మా తమ్ముడికి ఇచ్చేసి నేను ప్లేట్ల సెట్టుకి మారానని తెలిసి అడుగుతున్నారు. ఎందుకు మారానో చెబితే సగం జవాబు దొరుకుతుంది.

హెక్స్‌లో లోపమేమీ లేదని ముందే చెబుతాను. తీసి పట్టుకోవడమే, బిగించే పని ఉండదు. ఆరు పలకలు కాబట్టి దొర్లవు, వాటి మీద చేతులు ఆనించి పుషప్స్ కూడా చేసుకోవచ్చు. పైన రబ్బరు ఉంటుంది కాబట్టి టైల్స్‌కీ కాస్త రక్షణే. చిన్నపిల్లలు తిరిగే ఇల్లయితే ఊడిపోయే భాగం ఏదీ లేకపోవడం పెద్ద విషయమే. అలాంటి ఇంటికి నేనూ హెక్సే కొనమంటాను.

కానీ నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఒకటుంది. బరువుని ఎంత చిన్న మెట్లలో పెంచుకోగలం అన్నది.

మా ఆవిడ 5 కిలోల జతతో షోల్డర్ ప్రెస్, అంటే బరువుని భుజాల దగ్గర్నుంచి తలపైకి ఎత్తే వ్యాయామం చేసేది. ఆపకుండా పన్నెండు సార్లు ఎత్తితే ఒక సెట్టు, అలా మూడు సెట్లు తేలిగ్గా వచ్చేశాయి. మా దగ్గరున్న తర్వాతి జత 7.5. పేరుకి పెరిగింది రెండున్నర కిలోలే, కానీ ఐదు మీద రెండున్నరంటే ఏకంగా 50 శాతం. మూడో రెప్‌కే, అంటే మూడోసారి ఎత్తేసరికే నడుము వెనక్కి వంగింది, ఎడమ మోచెయ్యి పక్కకి పోయింది. మళ్లీ ఐదుకి దిగింది. నాలుగు నెలలు అక్కడే ఉండిపోయింది. తన ప్రయత్నంలో లోటు లేదు, మధ్యలో మెట్టే లేదు. కాళ్లకీ వీపుకీ ఈ ఇబ్బంది అంతగా తెలియదు. 15 నుంచి 17.5కి వెళ్తే పెరిగేది ఆరో వంతే. ఆగిపోయేది భుజాల దగ్గర, చేతుల దగ్గర. అందులోనూ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు, అరవై దాటినవాళ్లు.

మాది విశాఖ. బరువుల మాటొస్తే మా వైపు ఎవరికైనా వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరే గుర్తొస్తుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో (ఒకే ఊపున తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం. స్వర్ణానికీ దానికీ తేడా 2.5 కిలోలే. క్లీన్ అండ్ జర్క్‌లో చివరి ప్రయత్నానికి 130 నుంచి నేరుగా 137.5కి వెళ్లారు, అది నిలవలేదు. పతకం కోసం వేసుకునే లెక్కలు వేరు, వాటిని మన ఇంటి వ్యాయామంతో పోల్చను. కానీ 130 మీద ఏడున్నరంటే ఆరు శాతం కూడా కాదు. అంత గొప్ప లిఫ్టర్‌కే అది బరువైంది. మనం ఇంట్లో కొత్తవాళ్లని 50 శాతం ఎక్కమంటున్నాం.

అయితే ప్లేట్ల సెట్టు కొనగానే ఈ ఇబ్బంది తీరిపోదు. ప్లేటు రాడ్డుకి రెండు వైపులా ఎక్కాలి. అంటే 1.25 ప్లేట్లతో పెరిగేది మళ్లీ 2.5 కిలోలే, హెక్స్‌తో సమానం. రాడ్లు, ప్లేట్లు కలిపి అమ్మే కాంబో సెట్లలో ఎక్కువగా పెద్ద ప్లేట్లే ఉంటాయి. అందుకని అర కిలో ప్లేట్లు విడిగా అడిగి తీసుకోండి. రెండు డంబెల్స్‌కి ఎనిమిది ఉంటే చాలు. రాడ్డు మందం, ప్లేటు రంధ్రం సరిపోతున్నాయో లేదో షాపులోనే ఎక్కించి చూడండి. జిమ్‌లో పెద్ద బార్‌కి వాడే 50 మి.మీ. రంధ్రం ప్లేట్లు ఇంటి రాడ్డు మీద వదులుగా ఊగుతాయి.

ఇంటికొచ్చాక అన్నిటినీ తూకం వేయండి. వంటింటి కాటా చాలు. మా రాడ్డు నట్లతో కలిపి 1.8 కిలోలు తూగింది. 2.5 అని అచ్చున్న ప్లేట్లలో ఒకటి 2.3 ఉంటే, షాపుకి తీసుకెళ్లి మార్పించుకున్నాను. రెండు చేతుల్లో బరువు సమానంగా ఉండాలి కదా. సెట్టుకీ సెట్టుకీ మధ్య, ప్లేట్లు జారకుండా రాడ్డు చివర ఉండే స్టార్ నట్టు ఒకసారి బిగించి చూడండి, లోపలి రబ్బరు రింగు పోతే నట్టు తప్పకుండా వదులవుతుంది. మా ఊళ్లో సముద్రపు గాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. బాల్కనీలో పెట్టకుండా, చెమట పొడిగుడ్డతో తుడిచి, రాడ్డు మర మీద కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేస్తున్నాను.

పీవీసీ, అంటే ప్లాస్టిక్ తొడుగు ప్లేట్లు చవక. లోపల సిమెంటు, ఇసుక లాంటివి నింపుతారు కాబట్టి లావుగా ఉంటాయి, నాలుగు ఎక్కించేసరికి రాడ్డు నిండిపోతుంది, కిందపడితే పగులుతాయి. డయల్ తిప్పి బరువు మార్చుకునే డంబెల్స్ చాలా సౌకర్యం, కానీ ఖరీదు ఎక్కువ. 2025 జూన్‌లో అమెరికాలో అలాంటివి దాదాపు 38 లక్షల డంబెల్స్‌ని, వాడేటప్పుడు ప్లేట్లు జారిపడుతున్నాయని కంపెనీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. రెసిస్టెన్స్ బ్యాండ్లు, అంటే సాగే రబ్బరు పట్టీలు ప్రయాణాలకి బాగుంటాయి. ట్రెడ్‌మిల్ సంగతి వేరు, అది నడకకి. కండరాలకి బలమిచ్చే వ్యాయామం వారంలో కనీసం రెండు రోజులు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ఆ పని ట్రెడ్‌మిల్‌తో కాదు.

ఇప్పటికే హెక్స్ కొనేసి ఉంటే వాటిని అమ్మక్కర్లేదు. కాలికి కట్టుకునే అర కిలో ఇసుక పట్టీని డంబెల్ పిడి పక్కన గట్టిగా చుట్టండి, మధ్య మెట్టు దొరుకుతుంది. లేదా అదే బరువుని దించేటప్పుడు నాలుగు లెక్కపెట్టేంత నెమ్మదిగా దించండి. ఐదు కిలోలే ఆరులా అనిపిస్తాయి.

మేం పాటించే లెక్క ఒక్కటే. ఎనిమిది రెప్స్‌తో మొదలుపెట్టి, మూడు సెట్లలోనూ పన్నెండు వచ్చాకే బరువు పెంచడం. రాడ్డు బరువు కూడా కలుపుకుని మా ఆవిడ 5.3 నుంచి 6.3కి, అక్కణ్నుంచి 6.8కి వచ్చింది. మొన్న ఆదివారం 6.8తో నడుము వంగకుండా పది చేసింది. 7.8కి ఇంకో రెండు వారాలు ఆగుదామంటోంది.