మూడు పౌండ్ల రబ్బరు బ్యారెల్ టంబ్లర్: సుపీరియర్ అగేట్లకు భేష్, పెటోస్కీ రాళ్లకు వద్దు

ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సు ఒడ్డున ఏరుకొచ్చిన రాళ్లకు ఇంట్లో సానపట్టాలంటే మూడు పౌండ్ల రబ్బరు బ్యారెల్ ఉన్న రోటరీ టంబ్లర్ (రాళ్లను పీపాలో వేసి తిప్పుతూ నునుపు చేసే యంత్రం) తీసుకోండి. ప్లాస్టిక్ బ్యారెల్‌తో వచ్చే పిల్లల కిట్ల జోలికి పోవద్దు. రాత్రీ పగలూ తిరగాల్సిన యంత్రం ఇది, ప్లాస్టిక్ చప్పుడు ఇల్లంతా వినిపిస్తుంది. రబ్బరుదైతే సన్నటి గరగర, అంతే.

అయితే మెరుపు వచ్చేదీ రానిదీ రాళ్లు ఏరేటప్పుడే సగం తేలిపోతుంది. ఒక బ్యారెల్‌లో పడే రాళ్లన్నీ ఇంచుమించు ఒకే గట్టిదనంతో ఉండాలి. అగేట్, జాస్పర్ రెండూ మోస్ స్కేలు (గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే కొలత) మీద 6.5–7, కలిపి వేయొచ్చు. రాయిని తడిపి ఎండకు అడ్డంగా పట్టండి. అంచుల్లోంచి వెలుగు ఎర్రగా లోపలికి దిగితే అగేట్. ఎర్రగా ఉన్నా వెలుగు దిగకపోతే జాస్పరో, రయొలైట్ అనే లావా రాయో అయ్యుంటుంది. విరిగిన చోట మైనం పూసినట్టుండి, సన్నటి చారలు కనిపిస్తే అగేటే, ఇక సందేహమే లేదు. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందటి లావాలో గాలిబుడగల ఖాళీలు నిండి ఏర్పడినవివి. మన గోదావరి గులకల్లో దొరికే అగేట్లూ దక్కన్ లావాలో అలా పుట్టినవే, అవి మీ దగ్గరుంటే ఇదే వరసలో వేసుకోవచ్చు. నల్ల బసాల్ట్ మాత్రం తీసేయండి, నున్నబడుతుంది గానీ అద్దంలా మెరవదు. పగుళ్లున్న రాళ్లూ వద్దు. లోపల విరిగి, ఆ ముక్కలు మిగతావాటిని గీకేస్తాయి.

బ్యారెల్ మూడింట రెండు వంతులు నిండాలి, చిన్నా పెద్దా కలిపి. సగమే వేస్తే రాళ్లు జారడం మాని ఎగిరిపడి చిట్లుతాయి. రాళ్లు తక్కువైతే సెరామిక్ గుళికలతో నింపండి. 60/90 సిలికాన్ కార్బైడ్ గ్రిట్ (రాళ్లను అరగదీసే పొడి; అంకె పెరిగేకొద్దీ సన్నబడుతుంది) నాలుగు టేబుల్ స్పూన్లు వేసి, పై వరస రాళ్లు సగం మునిగేదాకా నీళ్లు పోయండి. వారం తర్వాత తీసి చూడండి. గోటికి గుంట తగిలిన రాయి ఏదైనా మళ్లీ అదే గ్రిట్‌లోకి పోవాలి. ఈ దశ మూడు నాలుగు వారాలు పట్టినా తొందరపడొద్దు. యంత్రంతో ఇచ్చే ముతక గ్రిట్ ఇందుకే చాలదు, 60/90 విడిగా కొనుక్కోండి. ఆపై 120/220, తర్వాత 500, చివర అల్యూమినియం ఆక్సైడ్ పాలిష్, ఒక్కోటి అవే నాలుగు స్పూన్లు, ఒక్కో వారం.

పాలిష్‌లోంచి తీసిన రాయి మసగ్గా ఉంటే తప్పు పాలిష్ పొడిది కాదు, కడగడానిది. గుంటలోనో మూత గాడిలోనో దాక్కున్న ఒక్క ముతక రేణువు చాలు, వారం పని పోతుంది. దశ మారినప్పుడల్లా రాళ్లను, బ్యారెల్‌ను, మూతను పాత టూత్‌బ్రష్‌తో తోమాలి. ఆ బురదను సింకులో పోయకండి, పైపులో సిమెంటులా గట్టిపడుతుంది.

మూత దగ్గర నీళ్లు కారితే చాలాసార్లు కారణం అంచున అంటిన గ్రిట్టే; తుడిచి బిగిస్తే ఆగుతుంది. లోపల గ్యాస్ చేరి మూత ఉబ్బితే ఒకసారి తెరిచి మూయండి. బెల్టు అరిగే వస్తువు, స్పేర్ ఒకటి దగ్గరుంచుకోండి. మొత్తం బరువు మూడు పౌండ్లు దాటితే మోటారు వేడెక్కుతుంది. మిన్నెసోటా చలికాలంలో గరాజ్‌లో పెడితే నీళ్లు గడ్డకడతాయి, బేస్‌మెంటే మంచిది.

ఇక మిషిగన్ సరస్సు ఒడ్డున దొరికే పెటోస్కీ రాయి. ఎండినప్పుడు మామూలు సున్నపురాయిలా ఉంటుంది, తడిపితే పగడపు శిలాజంలోని ఆరు పలకల గళ్లు బయటపడతాయి. గట్టిదనం 3 మాత్రమే, అగేట్లతో వేస్తే అరిగి బురదైపోతుంది. చేత్తోనే చేయాలి: 220, 400, 600 వాటర్ పేపర్లతో వరసగా తడి మీద రుద్ది, పాలిష్ పొడి అద్దిన తడి కార్డురాయ్ గుడ్డతో ముగించండి. ముందు కాగితం గీతలు పూర్తిగా పోకుండా తర్వాతిదానికి వెళ్లొద్దు.

మిషిగన్ రాష్ట్ర ప్రభుత్వ భూముల్లో మనిషికి ఏడాదికి 25 పౌండ్ల దాకా ఏరుకోవచ్చు. పిక్చర్డ్ రాక్స్, స్లీపింగ్ బేర్ డ్యూన్స్ లాంటి జాతీయ తీరాల్లో ఒక్క రాయి తీసుకెళ్లడం కూడా నిషేధం.