కడుపుతో ఉన్నప్పుడు మహమ్మారి వస్తే: డ్యూటీయా, సీటు మార్పా, ఇంటి నుంచి పనా, సెలవా? ఏది మేలు?

"అక్కా, నాకు ఐదో నెల. కేసులు మళ్లీ పెరుగుతున్నాయంటున్నారు. డ్యూటీకి వెళ్లొచ్చా, సెలవు పెట్టేయమంటావా?"

కొత్త కోవిడ్ వేరియంట్ అని టీవీలో స్క్రోలింగ్ మొదలైతే చాలు, వారం తిరక్కుండా ఈ ప్రశ్న నాకు వచ్చేస్తుంది. అడిగేవాళ్లలో టీచర్లున్నారు, సచివాలయం ఉద్యోగులున్నారు, బ్యాంకు కౌంటర్లో కూర్చునే అమ్మాయిలున్నారు, పైడిభీమవరం మందుల కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లున్నారు. 2021 రెండో వేవ్‌లో నేను కూడా కడుపుతో ఉండి, విజయనగరంలో జనం వచ్చిపోయే ఆఫీసులో పని చేశాను. అందుకే నన్ను అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అందరికీ ఒకేచోట రాస్తున్నాను. మాస్కు, శానిటైజరు సంగతులు మీకు కంఠతా వచ్చు, వాటి జోలికి వెళ్లను. బీపీ, షుగరు ఉన్నవాళ్లు, కవలలతో ఉన్నవాళ్లు మాత్రం దీనికన్నా ముందు మీ డాక్టరమ్మ మాట వినండి. మీ లెక్క వేరు.

మన ముందున్నవి నాలుగు దారులు. ఎప్పటిలాగే డ్యూటీకి వెళ్లడం. అదే ఆఫీసులో సీటు మార్పించుకోవడం. ఇంటి నుంచి పని. ఇప్పుడే సెలవు పెట్టేయడం. అడిగేవాళ్లంతా మొదటిదీ నాలుగోదీ పట్టుకుని ఊగుతుంటారు. నా మొగ్గు రెండోదానికి. ఎందుకో చెప్పాలంటే ముందు వారాల లెక్క చూడాలి.

అందరూ జిల్లాలో ఎన్ని కేసులని చూస్తారు. నేను మొదట అడిగేది ఎన్నో వారం అని. గర్భం వచ్చినంత మాత్రాన కోవిడ్ సులువుగా అంటుకుంటుందని కాదు. అంటుకుంటే మాత్రం అదే వయసున్న మామూలు ఆడవాళ్లకన్నా గర్భిణులకు జబ్బు ముదిరే అవకాశం, ఐసీయూ దాకా వెళ్లే అవకాశం ఎక్కువ. బిడ్డ నెలలు నిండకుండా పుట్టే ప్రమాదమూ పెరుగుతుంది. 2009లో స్వైన్‌ఫ్లూ వచ్చినప్పుడూ ఇదే కనిపించింది. ఈ ప్రమాదం తొమ్మిది నెలలూ ఒకేలా ఉండదు, చివరి మూడు నెలల్లో ఎక్కువ. కడుపు పెరిగి ఊపిరితిత్తులను పైకి నెడుతుంది, ఒంటికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే గుణం కూడా పెరుగుతుంది. బ్రిటన్‌లో ప్రసూతి వైద్యుల సంఘం 2020 మార్చిలోనే 28 వారాల దగ్గర గీత గీసింది. ఆ గీత దాటిన ఆసుపత్రి సిబ్బందిని రోగులకు ఎదురుగా ఉండే పని నుంచి తప్పించమని చెప్పింది.

28 వారాలంటే మన లెక్కలో ఏడో నెల నిండడం. మన వైపు చాలా ఇళ్లలో అమ్మాయిని కన్నవారింటికి తీసుకెళ్లేదీ ఇంచుమించు అప్పుడే.

ఇప్పుడు సెలవు లెక్క. ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961 నాటిది, 2025 నవంబరు నుంచి దాని నియమాలు సామాజిక భద్రత కోడ్‌లోకి వెళ్లాయి. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో 26 వారాల సెలవు వస్తుంది. అందులో కాన్పుకు ముందు వాడుకోగలిగింది గరిష్ఠంగా 8 వారాలే. అంటే 32వ వారం కన్నా ముందు ప్రసూతి సెలవన్నదే మొదలవదు. మరి ఐదో నెలలో "సెలవు పెట్టేస్తాను" అంటే పెట్టేది ఏ సెలవు? ఈఎల్ (ఆర్జిత సెలవు) అయినా అయ్యుండాలి, మెడికల్ అయినా అయ్యుండాలి, ప్రైవేటులో అయితే జీతం కోతే. అవన్నీ ఐదో నెలలోనే ఖర్చు చేసేస్తే, నిజంగా అవసరమైన 28 నుంచి 32 వారాల మధ్య చేతిలో ఏమీ మిగలదు.

ఇంకో వైపు నుంచి కూడా చూడండి. 32వ వారంలోనే ప్రసూతి సెలవు మొదలుపెడితే కాన్పు తర్వాత మిగిలేది 18 వారాలు. బిడ్డకు నాలుగు నెలలు దాటి కొన్ని రోజులు కాగానే మీరు ఆఫీసులో ఉండాలి. ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేమీ వద్దని డాక్టర్లు చెప్పే సమయం అది. ముందు తీసుకున్న ప్రతి వారమూ పాలిచ్చే రోజుల్లోంచి పోతుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు 180 రోజులు, అంటే దాదాపు అంతే, వాళ్లకూ ఈ లెక్క వర్తిస్తుంది. సెలవు గురించి తొందరపడొద్దని నేను చెప్పేది ఇందుకే.

అందుకే సీటు మార్పు అంటున్నాను. దీన్ని ఎవరూ అడగరు. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటం. నేను కౌంటరు నుంచి రికార్డులున్న గదికి మార్పించుకున్నాను. కిటికీ తీసి ఉండే గది, లోపల ఇద్దరమే. జీతం కోత లేదు, ఒక్క సెలవూ పోలేదు. అంటువ్యాధి కాలంలో ఆఫీసు మొత్తాన్ని చూసి భయపడాల్సిన పని లేదు. రోజుకు ఎంతమంది మీ మొహానికి ఎదురుగా వచ్చి మాట్లాడుతున్నారు, ఆ గదికి గాలి ఆడుతోందా, అక్కడ ఎన్ని గంటలు కూర్చుంటున్నారు, ఈ మూడే చూడండి. టీచరైతే క్లాసులు తగ్గించి పరీక్ష పేపర్లు, ఆన్‌లైన్ నమోదు పని అడగొచ్చు. బ్యాంకులో వెనక టేబుల్ పనులు ఎన్నో ఉంటాయి. ఆసుపత్రిలో పనిచేసే స్టాఫ్ నర్సులు జ్వరం వార్డు, క్యాజువాలిటీ నుంచి తప్పించమని అడగాలి, 28 వారాల దాకా ఆగకుండా ముందే.

చట్టం అండ కూడా కొంత ఉంది. కాన్పు అంచనా తేదీకి సుమారు పది వారాల ముందు నుంచి, మీరు కోరితే, బరువు పనులు, ఎక్కువసేపు నిలబడే పనులు చేయించకూడదని చట్టం చెబుతుంది. నోటితో అడిగితే "చూద్దాంలే అమ్మా" అంటారు. కాగితం మీద అడగండి. డాక్టరు రాసిచ్చిన అంచనా తేదీ జత చేయండి, ఎన్నో వారమో రాయండి, ఏ పని వద్దో దానికి బదులు ఏ పని చేయగలరో రెండూ రాయండి. ఏం వద్దో మాత్రమే రాస్తే ఆ కాగితం ఫైలులోనే ఉండిపోతుంది. నా స్నేహితురాలు ఒక ప్రైవేటు స్కూల్లో అడిగితే "అయితే మానేయండి" అన్నారట. గర్భం కారణంగా సెలవులో ఉన్న మనిషిని ఉద్యోగం నుంచి తీసేయడం అదే చట్టం ప్రకారం నేరం. ఆమె ఆ సంగతి లేబర్ ఆఫీసులో కనుక్కుని వచ్చాక స్కూలు వాళ్ల మాట మారింది.

మరి ఎప్పటిలాగే డ్యూటీకి వెళ్లడం? 28 వారాల లోపు, టీకా వేయించుకుని, గాలి ఆడే చోట పని అయితే తప్పేం లేదు. రెండో వేవ్ ముదిరిన ఏప్రిల్, మే నెలల్లో మాకు టీకా లేదు. గర్భిణులకు వేయొచ్చని కేంద్రం చెప్పింది 2021 జులై 2న. ఇప్పటివాళ్లలో చాలామంది టీకా వేయించుకున్నవాళ్లే, కాబట్టి అప్పటి మా భయాన్ని మీరు అలాగే మోయక్కర్లేదు. అయితే చాలామందికి ఆఫీసుకన్నా దారే పెద్ద సమస్య. విశాఖ నుంచి శ్రీకాకుళానికో, విజయనగరం నుంచి రాజాంకో రోజూ అప్ అండ్ డౌన్ చేసేవాళ్లు మన దగ్గర ఎంతమందో. అద్దాలు బిగించిన ఏసీ బస్సులో గంటల ప్రయాణం, మళ్లీ సాయంత్రం అంతే. ఆఫీసులో సీటు మార్చుకుని బస్సు మార్చుకోకపోతే సగం పనే అయినట్టు. కిటికీలు తీసి ఉండే ప్యాసింజర్ రైలో, రద్దీ తగ్గాక వచ్చే పల్లెవెలుగో చూసుకోండి. ఒక గంట ఆలస్యంగా వచ్చి ఆలస్యంగా వెళ్లడానికి అనుమతి అడగండి, చాలామంది అధికారులు దీనికి అభ్యంతరం చెప్పరు.

ఇంటి నుంచి పని దొరికితే, ముఖ్యంగా 28 వారాల తర్వాత, కళ్లకద్దుకుని తీసుకోండి. కోవిడ్ రోజుల్లో, 2020 మేలోనూ 2022 జనవరిలోనూ, కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో గర్భిణులకు హాజరు మినహాయింపు ఇచ్చారు. అలాంటి ఉత్తర్వు వస్తే మీ ఆఫీసుకూ వర్తిస్తుందేమో కనుక్కోండి. రాకపోయినా అడగొచ్చు. దీంట్లో ఒక చిక్కుంది. ఇంట్లో ఉంటే జబ్బు రాదనుకుంటాం. ఉమ్మడి ఇంట్లో భర్త షాపుకు వెళ్లొస్తాడు, మావయ్య సంతకు వెళ్లొస్తారు, మరిది స్నేహితులు వచ్చి హాల్లో కూర్చుంటారు. మా వీధిలో ఆ ఏడాది జ్వరాలు ఎక్కువగా వచ్చింది పెళ్లిళ్లకు వెళ్లొచ్చిన ఇళ్లలోనే. ఆఫీసుకు వద్దని అడ్డుపడిన పెద్దవాళ్లే శ్రీమంతానికి వందమందిని పిలుస్తారు. ఏటమ్మా ఇది అంటే, అందరూ మనవాళ్లే కదా అంటారు. ఇంటి నుంచి పని చేసే గర్భిణికి గాలి ఆడే గది ఒకటి విడిగా ఉండాలి, వచ్చేపోయే వాళ్లు తగ్గాలి. అది కుదరని ఇంటికన్నా రికార్డు గదే నయమని నా అభిప్రాయం. గంటల తరబడి కదలకుండా కూర్చోవడమూ మంచిది కాదు, రక్తం గడ్డకట్టే గుణం గురించి పైన చెప్పాను కదా. గంటకోసారి లేచి నడవండి, నీళ్లు తాగండి.

ఏ దారి పట్టినా చెకప్ మానొద్దు. లాక్‌డౌన్‌లో చాలామంది ఆసుపత్రికి వెళ్తేనే జబ్బొస్తుందని భయపడి బీపీ కూడా చూపించుకోలేదు. బీపీ పెరిగినా చాలాసార్లు మనకు తెలియదు. ఫోన్లో డాక్టరుతో మాట్లాడొచ్చు, ఫోన్లో బీపీ చూడలేరు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, ఆ రోజు రద్దీ అనిపిస్తే మీ ఏఎన్‌ఎమ్మును అడిగి ఇంకో రోజు పెట్టించుకోండి. కంచిలి, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.0 ఉంటే మామూలు వాళ్లకు బాగున్నట్టే. గర్భిణికి అంతకన్నా తక్కువే ఉండాలి, కాబట్టి రిపోర్టులో 'నార్మల్' అని ఉన్నా డాక్టరుకు చూపించి అడగండి. జ్వరమొస్తే పారాసెటమాల్ తప్ప మందుల షాపులో ఇచ్చే ఒళ్లునొప్పుల బిళ్లలు వద్దు. వేలికి పెట్టుకునే ఆక్సీమీటరులో 95 కన్నా తగ్గినా, ఆయాసం వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో చూపు మసకబారినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. పాజిటివ్ వస్తే కాన్పు ఎక్కడ చేస్తారో, ఘోషాసుపత్రిలోనా, రిమ్స్‌లోనా, టెక్కలిలోనా, ముందే అడిగి పెట్టుకోండి.

పలాస జీడి ఫ్యాక్టరీల్లో పని చేసేవాళ్లకు ఇంటి నుంచి పని అన్న మాటే లేదు. కానీ ఫ్యాక్టరీ అంటే ప్రసూతి చట్టం వర్తిస్తుంది, ఈఎస్‌ఐ కార్డు ఉంటే ఆ సెలవు డబ్బు ఈఎస్‌ఐ ఇస్తుంది. మొదటి బిడ్డకైతే మాతృవందన పథకం కింద వచ్చే 5,000 రూపాయలకు మీరు అర్హులేమో అంగన్‌వాడీలో కనుక్కుని పేరు రాయించుకోండి. ఆ డబ్బు నెల జీతానికి సరిపోదు, మందులకూ ఆటోలకూ పనికొస్తుంది.

మిగిలింది రాజీనామా. "ఉజ్జోగం ఏటైపోద్ది, ముందు మనిషి బాగుంటే సాలు" అని అత్తమ్మ అంటుంది, ఆవిడ ప్రేమ ఆవిడది. కానీ ప్రసూతి సెలవు జీతం రావాలంటే కాన్పుకు ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పని చేసి, ఆ ఉద్యోగంలో ఉండాలి. ఆరో నెలలో మానేస్తే 26 వారాల జీతం వదులుకున్నట్టే. మానేయాలనే ఉంటే ఆ సెలవు అయ్యాక మానేయండి.